తెగిన వెలుగు గీతలు

"ఆ పెట్టె కింద పెట్టు, ఓయివా. నా బట్టలు నేను మోసుకుంటాను."

"ఒంటికాలి మీదా?"

"ఒక్కటైనా మిగిలిందిగా. దాని మీద కూడా కన్ను పడిందా?"

ఓయివా పెట్టె దించలేదు. వంటింటి గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడ్డాడు. అతని ఎదురుగా రెండు చంకకర్రల మీద వాలి వెన్లా నిలబడింది. ఆమె కుడికాలికి తొడ నుంచి పిక్క దాకా కట్టు బిగించి ఉంది. మధ్యాహ్నం రైలుకి ఆమె ఔలు ఊళ్ళోని పుట్టింటికి వెళ్ళిపోతోంది. భర్త ఎంత బతిమాలినా వినకుండా టాక్సీకి తనే ఫోన్ చేసింది.

నిన్న ఆస్పత్రిలో డాక్టరు చెప్పిన మాట ఇంకా ఆమె చెవిలో గింగురుమంటూనే ఉంది. 'నడుస్తావు. మెట్లెక్కుతావు. గెంతడం మాత్రం మర్చిపోవాలమ్మా.'

నాట్యమే బతుకైన మనిషికి చెప్పాడు ఆ మాట.

పొయ్యి దగ్గర అత్తగారు కెర్తు వెనక్కి తిరక్కుండా బఠాణీ సూప్ కలుపుతోంది. గురువారం కాబట్టి బఠాణీ సూప్, ఆ తర్వాత జామ్‌తో పాన్‌కేకు. ఇల్లు తగలబడుతున్నా ఆ ఇంట్లో గురువారం గురువారమే.

"అడ్డు లేవరా," అంది సిర్కు, బల్ల దగ్గర కూర్చుని రై రొట్టెకి వెన్న రాసుకుంటూ. సిర్కు ఓయివా అక్క. "మరదలుగారు వెళ్తానంటే వెళ్ళనీ. మంచులో జారి పడితే మళ్ళీ మన మీదకే వస్తుంది."

"నువ్వు నోరు మూసుకో అక్కా."

"నేను మూసుకునే ఉన్నాను. రొట్టె పెట్టుకోవడానికి తెరిచానంతే."

వెన్లా భర్త కళ్ళలోకి సూటిగా చూసింది.

"వేదిక చూసుకునేది నువ్వు. టేపు అంటించేది నువ్వు. లైటు వేసేది నువ్వు. ఇంకెవర్ని అడగమంటావు?"

"టేపు అంటించింది నేనే. కాదన్నానా? జరిపింది నేను కాదు."

"ఊడిపోయి ఉంటుంది," అంది కెర్తు పొయ్యితో మాట్లాడుతున్నట్టు. "చలికి జిగురు పట్టదు. ఎన్నిసార్లు చెప్పాను, స్టూడియో ముందుగా వెచ్చబెట్టండని. వింటేగా."

"ఊడిన టేపు ముడుచుకుపోయి ఓ మూల పడుంటుంది, కెర్తు. అది వేదిక అవతల నేలకి అంటించి ఉంది. చక్కగా, నున్నగా. నేను పడినచోటి నుంచే చెయ్యి చాచి గోటితో లాగాను. గోరు విరిగింది గానీ అది రాలేదు."

వెన్లా చూపుడువేలు పైకెత్తి చూపించింది. ఎవరూ చూడలేదు.

పెరట్లోని స్టూడియోలో పోయిన వారం జరిగిన సంగతి అది. కెర్తు తీసే ఫొటోలు అందరూ తీసేలాంటివి కావు. కిటికీలు మూసి, గోడలకి నల్ల ముఖమల్ కట్టి, చీకటి చేసి, కెమెరా షట్టరు తెరిచి వదిలేస్తుంది. నర్తకి మణికట్లకీ చీలమండలకీ చిన్న చిన్న బల్బులు కట్టి ఉంటాయి. ఆమె ఆడినంతసేపూ ఆ బల్బులు ఫిల్ము మీద గీతలు గీస్తూనే ఉంటాయి. చివరికి బొమ్మలో మనిషి కనబడదు. మనిషి కదలిక కనబడుతుంది. ఆ బొమ్మలతోనే కెర్తు పేరు వాళ్ళుండే పిస్పలా కొండ దిగి పై దేశాల దాకా పాకింది.

ఆ చీకట్లో వెన్లాకి కనబడేది ఒక్కటే. మోకాలెత్తు వేదిక కుడి మూలన, అరచేయంత రేడియం టేపు ముక్క. అది మెరిసే చోటు వరకూ వేదిక ఉందని నమ్మి ఆఖరి గెంతు గెంతుతుంది. ఆ రోజు నమ్మి గెంతింది. కింద వేదిక లేదు.

"లైట్లు ఆర్పే ముందు నా బొటనవేలు ఆ టేపు మీద పెట్టి చూసుకున్నాను," అంది వెన్లా. "ప్రతిసారీ చూసుకుంటాను. అప్పుడది వేదిక మీదే ఉంది. అంటే లైట్లు ఆరాకే జరిపారు. ఆ చీకట్లో ఉన్నది నలుగురం. నా కాలు నేనే విరగ్గొట్టుకోలేదు."

సిర్కు కత్తి బల్ల మీద పెట్టింది.

"అంటే మా ముగ్గురిలో ఒకరు. పేర్లు రాసి చీటీలు తీద్దామా?"

"నీకు నవ్వులాటగా ఉందా?"

"లేకపోతే ఏడవమంటావా? నా మోకాలు పోయినప్పుడు ఈ బల్ల దగ్గర ఎవరేడ్చారు? నువ్వు అప్పుడే కొత్తగా వచ్చావు. వచ్చీ రాగానే నా బల్బులు నీ చేతులకి కట్టించుకున్నావు. 'నీ వయసు నీ చేతుల్లో కనబడుతోందే సిర్కూ' అంది మా అమ్మ నాతో. ఇదే వంటింట్లో, ఇలాగే సూప్ కలుపుతూ."

కెర్తు గరిట ఆగలేదు.

"అందుకని నా కాలు తీశావా?"

"తీయాలనుకుంటే నీ ఎదురుగానే తీస్తాను, మరదలుగారూ. చీకటెందుకు?"

కిటికీ అవతల మంచు ఎత్తిపోస్తున్న పార చప్పుడు వినబడుతోంది. పక్కింటివాళ్ళు దారి శుభ్రం చేసుకుంటున్నారు.

వెన్లా మళ్ళీ భర్త వైపు తిరిగింది.

"ఇంకొకటి అడుగుతాను. నిజం చెప్పు. నేను పడ్డాను. అరిచాను. లైటు వెంటనే ఎందుకు వేయలేదు?"

ఓయివా నేల చూశాడు.

"నా గొంతు ఆ గోడలు దాటి చెరువు అవతలికి కూడా వినబడి ఉంటుంది. నువ్వు స్విచ్చి మీద చెయ్యేసుకుని నిలబడ్డావు. ఎందుకు వేయలేదు?"

"అమ్మ... అమ్మ 'మూశాను' అనాలి."

"ఏమిటీ?"

"షట్టరు మూసినట్టు అమ్మ చెప్పాలి కదా వెన్లా. ఆ మాట వినపడ్డాకే లైటు. నీకూ తెలుసు."

ఆమెకీ తెలుసు. ఆ స్టూడియోలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ మొదట చెప్పేది అదే. షట్టరు తెరిచి ఉండగా లైటు పడితే ఫిల్ము మొత్తం తెల్లబడి పాడవుతుంది. అందుకని కెర్తు 'మూశాను' అనేదాకా ఎవరూ అగ్గిపుల్ల కూడా గీయకూడదు. ఓయివా ఆ మాట వింటూనే పుట్టి పెరిగాడు.

"నేను కాలు విరిగి అరుస్తుంటే..." వెన్లా ఒక్కో మాటా ఏరుకుని అంది. "నువ్వు ఆ మాట కోసం ఆగావా?"

"అలవాటు. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. నేను ఆలోచించలేదు, వెన్లా."

"అలవాటు కుక్కకీ ఉంటుంది. ఆ కుక్క కూడా ఆ అరుపు వింటే గొలుసు తెంపుకుని వచ్చేది."

ఎడమచేతి ఉంగరం లాగి తీసి, అతని ఖాళీ కంచం అంచున పెట్టింది. ఆవపిండి సీసా పక్కన.

"సూప్‌లో వేసుకు తాగు."

సిర్కు తమ్ముడి మొహం చూసి, రొట్టె కింద పెట్టేసింది.

అప్పుడే గంట మోగింది.

"టాక్సీ," అని వెన్లా చంకకర్రలు సర్దుకుంది.

టాక్సీ కాదు. తలుపు తీసిన సిర్కు వెనకాలే ఒక బక్కపల్చటి పెద్దమనిషి, ఉన్ని టోపీ చేత్తో పట్టుకుని, బూట్లు గుమ్మంలో విప్పి లోపలికి వచ్చాడు. ఎడమ మేజోడు చిరిగి బొటనవేలు బయటికి చూస్తోంది. హెల్సింకిలో చిత్రశాల నడిపే రౌతియో అతను. ఈ వసంతంలో కెర్తు బొమ్మల ప్రదర్శన అతని గోడల మీదే.

గరిట గిన్నె అంచుకి తగిలి ఠంగుమంది. ఇంతసేపట్లో కెర్తు వెనక్కి తిరగడం అదే మొదలు.

"రేపు కదా రమ్మన్నాను!"

"రాత్రికి మంచు తుపాను అన్నారు రేడియోలో. రైళ్ళు ఆగిపోతాయేమోనని ఒకరోజు ముందే వచ్చేశాను. ఆహా, బఠాణీ సూప్! మా అమ్మ చనిపోయాక గురువారాలే మర్చిపోయాను." అందరినీ చూసి నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. "ఒక్కసారి ఆ బొమ్మ చూపించేస్తే, కొలతలు తీసుకుని వెళ్ళిపోతాను. ఎదుటి గోడంతా దానికే ఖాళీ చేయించాను."

"ఏ బొమ్మ?" అంది వెన్లా.

"అదేనండీ, పడిపోయే బొమ్మ..." అని, అప్పుడు చూశాడు చంకకర్రల్ని. తర్వాత మొహాన్ని. "అయ్యో. మీరేనా? దెబ్బ తగ్గుముఖం పట్టిందా అమ్మా?"

వెన్లా అత్తగారి వైపు తిరిగింది.

"ఆ ఫిల్ము కడగడంలో పాడైపోయిందన్నారు. పొయ్యిలో పడేశానన్నారు."

"నీ మంచికే అన్నాను," అంది కెర్తు. "ఆ స్థితిలో నీకు చూపించమంటావా?"

"నా కాలు పోయిన క్షణాన్ని నాకు చెప్పకుండా గోడకి వేలాడదీస్తారు. అదీ నా మంచికేనా?"

"బొమ్మ నాది. కాలు నీది. రెండూ కలపకు."

ఆ మాటకి రౌతియో కూడా టోపీ నలపడం మొదలుపెట్టాడు.

"తెండి," అంది వెన్లా. "చూస్తాను."

"అవసరం లేదు."

"నేను తెస్తానుండు." సిర్కు లేచింది. "నాక్కూడా చూడాలనుంది, నా చోటు లాక్కున్నావిడ ఎంత అందంగా పడిందో."

"సిర్కూ, కూర్చో."

"చీకటిగది తాళం ఎక్కడుంటుందో నాకు తెలియదనుకున్నావా అమ్మా?"

ఆమె వెళ్ళి వచ్చేలోపు కెర్తు పొయ్యి ఆర్పింది. ఓయివా సూట్‌కేసు గోడకి ఆనించి పెట్టాడు. రౌతియో నిలబడాలో కూర్చోవాలో తెలియక, కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయాడు.

సిర్కు రెండు చేతులా మోసుకొచ్చింది. కిటికీ రెక్కంత బొమ్మ. కంచాలు పక్కకి నెట్టి బల్ల మీద పరిచింది.

నల్లటి నలుపు. దాని మీద పాలు పోసినట్టు తెల్లటి గీతలు. ఎడమ నుంచి సుడులు తిరుగుతూ, పైకి లేస్తూ, విచ్చుకుంటూ, కుడివైపుకి వచ్చి ఒక్కసారిగా ఎగిసి... అక్కడ నాలుగు గీతలూ ఒకదాన్నొకటి వదిలేసి, చెల్లాచెదురుగా కిందికి రాలిపోయాయి.

రౌతియో బల్ల మీదకి వంగాడు.

"దేవుడా," అన్నాడు.

కెర్తు బల్ల దగ్గరికి వచ్చింది. రాకుండా ఉండలేకపోయింది. ఆమె మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది.

"చూశారా? ఈ చెయ్యి చూడండి. నలభై ఏళ్ళుగా నర్తకుల్ని తీశాను, పడమంటే పడతారు. కానీ ఎలా పడుతున్నామో వాళ్ళకి ముందే తెలుసు. వేళ్ళ చివరి దాకా సర్దుకుని పడతారు. ఈ చేతికి ఏమీ తెలియదు. ఇక్కడ నాట్యం లేదు. ఒట్టి శరీరం. ఇది ఎవరికీ దొరకలేదు."

"నాకు దొరికింది," అంది వెన్లా. "నేలకి కొట్టుకున్నప్పుడు."

కానీ ఆమె చూపు ఆ రాలిన గీతల మీద లేదు. ఎడమవైపు ఉంది. ఒక చంకకర్రని బల్లకి ఆనించి, ముందుకి వంగింది. చూపుడువేలు బొమ్మకి తగలకుండా మొదటి సుడి వెంట కదిలింది. ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ కదిలింది.

"ఇక్కడ గీత తెగింది."

"గీతలు తెగుతూనే ఉంటాయి," అంది కెర్తు. "వెనక్కి తిరిగినప్పుడు బల్బుకి నీ ఒళ్ళే అడ్డమొస్తుంది. ఇన్నేళ్ళుగా చేస్తున్నావు, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు. ఇది నా కుడిచెయ్యి. మొదటి తిరుగుడు. ఈ చోట నా మొహం కెమెరా వైపుంది. చెయ్యి ముందుకి చాచి ఉంది." ఆమె చంకకర్ర మీద వాలి, కుడిచెయ్యి చాచి చూపించింది. "ఇలా. చేతికీ కెమెరాకీ మధ్య నా ఒళ్ళెలా వస్తుంది?"

ఆమె వేలు బొమ్మ మీద కుడివైపుకి జరిగింది.

"ఇదిగో ఇక్కడ మళ్ళీ తెగింది. చేతులు రెండూ పైకెత్తాను. ఇదీ ఎదురుగానే. మళ్ళీ ఇక్కడ, గెంతుకి ముందు వెనక్కి తిరగబోతూ. మూడుచోట్లా నా ఒళ్ళు అడ్డం లేదు. ఎవరో అడ్డం వచ్చారు."

"నల్లబట్టల్లో వచ్చిన మనిషి ఫిల్ము మీద పడదు," అన్నాడు ఓయివా మెల్లిగా. స్టూడియోలో అందరూ వేసుకునేది నల్లబట్టలే. వెలుతురు తిరిగి కొట్టకూడదని కెర్తు పెట్టిన నియమం అది.

"మనిషి పడదు. మనిషి దాచిన గీత లోటు పడుతుంది."

"ఊహలు," అంది కెర్తు. "ఎవరో అటూ ఇటూ కదిలి ఉంటారు. ఎప్పుడు కదిలారో, ఎటు కదిలారో ఎవరు చెప్పగలరు? బొమ్మలో ముందూ వెనకా ఉండదు. అన్ని క్షణాలూ ఒక్కసారే ఉంటాయి. నా పని అంతా అదే."

"మీ కంటికి ఉండదు. ఆడినదాన్ని నేను. ఏ గీత ముందు గీశానో, ఏది తర్వాత గీశానో నా ఒంటికి తెలుసు."

వెన్లా చెయ్యి తన కంటి ముందు పెట్టుకుంది.

"చెయ్యి ఇక్కడ పెడితే పొయ్యి మొత్తం మాయమైపోతుంది. దూరంగా చాచితే పొయ్యి మీద గిన్నె ఒక్కటే మాయమవుతుంది. అవునా రౌతియో గారూ?"

"అ... అవునండి."

"మొదటి ఖాళీ జానెడుంది. రెండోది అందులో సగం. మూడోది వేలెడే. ఆ వరసలోనే నేను ఆడాను. అంటే మొదట ఆ మనిషి కెమెరా పక్కనే ఉంది. తర్వాత దూరం జరిగింది. చివరికి నా దగ్గరికొచ్చింది." చెయ్యి దించింది. "కెమెరా దగ్గర్నుంచి వేదిక దాకా ఒకరు నడిచారు. నేను వెనక్కి తిరిగినప్పుడు టేపు తీసి కింద అంటించారు."

ఆ రోజు ఓయివా స్విచ్చి దగ్గర నిలబడ్డాడు. స్విచ్చి ఉన్నది వేదికకి అవతలి గోడకి, కెమెరా పక్కన కాదు. ఆ సంగతి ఆమెకి అప్పుడే తట్టినట్టుంది. భర్త వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. నింద తప్పిన మనిషి చూపు తిప్పుకోవడమేమిటో ఆమెకి అర్థం కాలేదు.

"కెమెరా పక్కన ఇద్దరున్నారు," అంది కెర్తు నెమ్మదిగా. ఆప్రాన్ విప్పి మడతపెట్టింది. "ఒకదాన్ని నేను. నా చెయ్యి షట్టరు మీద ఉంది. లేకపోతే లైటు వేసేలోపు మూసిందెవరు? బొమ్మ ఇంత శుభ్రంగా ఎలా వచ్చింది? రెండోది, పాట పెడుతూ రికార్డు ప్లేయరు దగ్గర."

సిర్కు తల్లి వైపు గిర్రున తిరిగింది.

"అమ్మా?"

"నేనెవర్నీ అనడం లేదు. ఆమె లెక్క ఆమె చెప్పింది. నాకు తెలిసింది నేను చెప్పాను."

"నన్నంటావా? పెర్కెలే! కన్నకూతుర్ని!" సిర్కు ఆ తిట్టుతో పాటే కుర్చీ తన్నేసి లేచింది. "నా మోకాలు పోయాక కూడా నీ రికార్డులు మార్చడానికి వస్తున్నాను. సిగ్గు లేక వస్తున్నాను. ఎందుకో తెలుసా? ఎప్పటికైనా ఒక్కసారి నా వైపు కెమెరా తిప్పుతావేమోనని!"

"అరవకు. బయటివాళ్ళున్నారు."

"ఉండనీ! వినండి రౌతియో గారూ. షట్టరు మూయడానికి ఈవిడ కెమెరా దగ్గర ఉండక్కర్లేదు. రబ్బరు గొట్టం చివర బంతి ఉంటుంది. నొక్కితే తెరుచుకుంటుంది, మళ్ళీ నొక్కితే మూసుకుంటుంది. ఆ గొట్టం వేదిక చుట్టూ తిప్పి కట్టినా ఇంకా మిగులుతుంది. నన్ను తీసే రోజుల్లో ఆ బంతి పట్టుకుని నా కాళ్ళ దగ్గరే కూర్చునేది."

"కుళ్ళు," అంది కెర్తు. "ఒళ్ళంతా కుళ్ళు. అది చేసిందో లేదో గానీ, చెయ్యాలన్న కోరిక దానికి ఎప్పట్నుంచో ఉంది."

రౌతియో గొంతు సవరించుకున్నాడు. పరిస్థితి చక్కబెడదామనుకున్నాడో ఏమో, పాపం.

"అమ్మా, కోపాలు వద్దు. ఏదో ప్రమాదం... ఇందులో కెర్తు గారి తప్పేముంది? ఆకులు రాలే రోజుల్లోనే ఆవిడ నాకు మాటిచ్చారు, ఈసారి చలికాలం పోయేలోపు నటన లేని పతనం ఒకటి తెస్తానని. ఆవిడ దీక్ష అలాంటిది. అనుకోకుండా..."

అతని మాట మధ్యలోనే ఆగిపోయింది. తను ఏమన్నాడో తనకే అప్పుడు వినబడింది.

వెన్లా బొమ్మ మీంచి తల ఎత్తింది.

"ముందే మాటిచ్చిందా?" అంది వెన్లా.

"మాట అంటే... మామూలుగా... కళాకారులు అంటారు కదండీ..."

"నటించమని చెప్పి తీస్తాననే అర్థం," అంది కెర్తు. మొదటిసారి ఆమె గొంతు ఒక్క మెట్టు పైకి లేచింది. "ఇలా కాదు. ఎవరైనా ఇలా అనుకుంటారా? ఓయివా, నువ్వు చెప్పరా. మీ అమ్మ అలాంటిదా?"

ఓయివా మళ్ళీ నేల చూశాడు.

వెన్లా అతన్నే చూస్తోంది. ఆ చూపు తిప్పుకోవడం ఏమిటో ఆమెకి ఇప్పుడు అర్థమవుతోంది.

"ఓయివా. నేను అరుస్తున్నాను. 'మూశాను' అన్నది నాకు వినబడలేదు. సిర్కూ, నీకు వినబడిందా?"

"నా చెవి పక్కనే పాట మోగుతోంది. నాకు నీ అరుపే సరిగ్గా వినబడలేదు."

"విన్నది నువ్వొక్కడివే," అంది వెన్లా భర్తతో. "ఆ మాట కోసం చెవులు రిక్కించుకు నిలబడ్డావు కదా. చెప్పు. 'మూశాను' అన్న మాట ఎటు నుంచి వచ్చింది?"

"వెన్లా, నన్నడక్కు."

"కెమెరా దగ్గర్నుంచా?"

"నన్నడక్కు అన్నానా?"

"ఇన్ని రోజులు ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చున్నావు. నా చెయ్యి పట్టుకున్నావు. నీ మీద నింద వేస్తే పడ్డావు. నోరు విప్పలేదు. నీకు తెలిసే కూర్చున్నావా?"

"ఆలోచించి మాట్లాడు ఓయివా," అంది కెర్తు. గొంతు మళ్ళీ మామూలుగా ఉంది. సూప్‌లో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టుగా ఉంది. "చీకట్లో ఏది ఎటు నుంచి వినబడిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఈ ఇల్లు రేపు నీది. ఆ స్టూడియో నీది. ఈ అమ్మాయి ఎలాగూ ఉంగరం తీసి నీ కంచంలో పెట్టేసింది."

"నన్ను దొంగని చెయ్యమంటోందిరా," అంది సిర్కు. ఏడుస్తోంది, చేత్తో మొహం తుడుచుకోవడం కూడా లేదు. "నువ్వు నోరు మూసుకుంటే రేపట్నుంచి అది చేసింది నేనే అవుతాను. అంతే కదా? చెప్పరా. అంతే కదా?"

బయట టాక్సీ హారన్ మోగింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

వెన్లా రెండో చంకకర్ర అందుకుంది. గుమ్మం వైపు తిరిగింది. ఇక వెనక్కి చూడదని ఆమె భుజాలు చెప్తున్నాయి.

"కెమెరా దగ్గర్నుంచి రాలేదు," అన్నాడు ఓయివా.

ఆమె ఆగింది.

"వేదిక కింద నుంచి వచ్చింది. నువ్వు పడిన చోటి నుంచి. నీ అరుపూ ఆ మాటా ఒకే చోటి నుంచి వచ్చాయి వెన్లా. లైటు వేసేసరికి ఆమె నీ తల దగ్గర మోకాళ్ళ మీద ఉంది. నిన్ను లేపడానికి పరిగెత్తుకొచ్చిందనుకున్నాను. అలా అనుకోవడానికే చూశాను. రోజూ అదే అనుకుంటూ పడుకున్నాను." అతను మొహం తుడుచుకున్నాడు. "లేపడానికి వచ్చిన మనిషి ముందు నీ పేరు పిలవాలి. ఆమె 'మూశాను' అంది."

"ఎవరు?" అంది వెన్లా.

"చెప్పానుగా."

"చెప్పలేదు. 'ఆమె' అన్నావు. ఈ పెద్దమనిషి ముందు, మీ అక్క ముందు, పేరు పెట్టి చెప్పు."

కెర్తు కొడుకు వైపు చూసింది. కళ్ళు ఆర్పకుండా, బొమ్మ తీసేటప్పుడు చూసినట్టు చూసింది.

పుట్టినప్పటి నుంచి ఆమెని అమ్మా అని తప్ప పిలిచి ఎరగని ఓయివా, ఒక్కసారి నోరు తెరిచి మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"కెర్తు," అన్నాడు. "టేపు జరిపింది కెర్తు."